పదిహేనంటే పదిహేనే

మా అమ్మాయి పోయింది. వానలు పట్టిన వారంలో జ్వరం వచ్చింది, మూడో వారానికి మనిషి లేదు. ఈ దీవుల్లో, డిగ్నాబాద్‌లో మా వీధి వాళ్ళందరికీ తెలుసు. దూరాన ఉన్నవాళ్ళకి తెలియదు కాబట్టి రాస్తున్నాను. అది తీసిన ఫోటోలు కొనుక్కుని గోడకి తగిలించుకున్నవాళ్ళు ఎక్కడెక్కడో ఉన్నారు. వాళ్ళలో తెలుగు చదివేవాళ్ళుంటే ఈ మాట చేరుతుందని ఆశ.

నేను చదివింది ఐదో తరగతి. తప్పులుంటే సర్దుకోండి. ఏడుపు మాత్రం రాయను. ఇంట్లో ఎవరైనా మొహం వేలాడేసుకుని కూర్చుంటే అది కెమెరా తెచ్చి మూతి ముందు పెట్టేది. "ఉండు, ఉండు, అలగే ఉండు, ఏడుపు మొహం సూపర్‌గా వస్తంది" అనేది. ఇంక నవ్వకుండా ఎలా ఉంటాం? ఇప్పుడు రాస్తుంటే కూడా కెమెరా ఎదురుగా ఉన్నట్టే ఉంది.

సునామీ వచ్చేనాటికి దానికి పదేళ్ళు. అప్పుడు మేము సిప్పీఘాట్‌లో, పల్లంలో, అద్దెకుండేవాళ్ళం. మా ఆయన ఇళ్ళు కట్టించే పనులు కాంట్రాక్టుకి తీసుకునేవారు. ఆదివారం పొద్దున్న భూమి ఊగింది. కాసేపటికి నీళ్ళొచ్చాయి. ముగ్గురం గుట్ట మీదకి పరిగెత్తాం, బతికాం. ఆ రోజు గురించి ఇంతకంటే రాయను. మా కన్నా ఎక్కువ పోగొట్టుకున్నవాళ్ళు ఈ దీవుల్లో చాలామంది ఉన్నారు.

నీళ్ళు తీశాక ఇంటికి వెళ్తే ట్రంకు పెట్టె బురదలో ఉంది. మా పెళ్ళి ఆల్బం, పిల్ల పుట్టువెంట్రుకల ఫోటోలు, మా అమ్మానాన్నల ఫోటో, అన్నీ అందులోనే. ఒకదానికొకటి అట్ట కట్టేశాయి. నేను బియ్యం ఏమైనా మిగిలాయా అని వెతుక్కుంటుంటే, అది ఫోటోలు ఒక్కొక్కటీ ఊడదీసి, తాడు కట్టి, బట్టల క్లిప్పులు పెట్టి ఆరేసింది. ఎండాక చూస్తే మొహాలన్నీ కరిగిపోయి ఉన్నాయి. పెళ్ళి ఫోటోలో నేను లేను, ఆయనా లేరు. ఆయన జోళ్ళు, పక్కన పందిరి గుంజకి కట్టిన అరటి పిలక మాత్రం శుభ్రంగా ఉన్నాయి.

"అమ్మా, నాన్న జోళ్ళు బాగొచ్చాయే" అంది.

ఆ బురదలో నిలబడి ముగ్గురం నవ్వాం.

తర్వాత శ్రీకాకుళం వైపు ఉన్న మా వాళ్ళందరికీ ఉత్తరాలు రాయించాను, మా ఫోటోలు ఎవరి దగ్గరున్నా పంపండి అని. మా చిన్నాన్న దగ్గర పెళ్ళి ఫోటో ఒకటి దొరికింది. మా ఆడపడుచు దగ్గర పుట్టువెంట్రుకలది దొరికింది. రెండూ ఓడ మీద వచ్చాయి. ఆ రోజు నాకొకటి బుర్రలో నాటుకుపోయింది. ఫోటో ఒక్కటే ఉంటే నీళ్ళపాలు. పదిళ్ళలో పది కాపీలుంటే ఏ సముద్రమూ అన్నిటినీ ఒక్కసారి పట్టుకుపోలేదు. ఈ మాట గుర్తుంచుకోండి, ముందు ముందు తంటా అంతా దీనితోనే.

పల్లంలో ఇంక ఉండలేక డిగ్నాబాద్ వచ్చేశాం. ఇక్కడ కుడి పక్క రాంచీ వాళ్ళు, ఎడమ పక్క తమిళం వాళ్ళు, ఎదురింట్లో బెంగాలీ దీదీ. మా అమ్మాయి నాతో తెలుగులో మొదలుపెట్టి హిందీలో ముగించేది. తెలుగు చదవడం దానికి పెద్దగా రాదు. నేను రాసిన సరుకుల చీటీ దానికి అర్థం కాక, ఫోటో తీసి నాకే ఫోన్‌లో పంపి "ఇదేటి?" అని అడిగేది. నేను వంటింట్లోంచి అరిచి చెప్పేదాన్ని.

చదువయ్యాక మా వీధి చివర స్టూడియోలో చేరింది. పెళ్ళిళ్ళకి, పాస్‌పోర్టులకి తీస్తూ పని నేర్చుకుంది. తర్వాత సొంతంగా కెమెరా కొనుక్కుని దీవులన్నీ తిరిగింది. తెల్లారకుండా లేచి జెట్టీకి పోయేది. తిని వెళ్ళవే అంటే, "అన్నం ఆగుతాదమ్మా, వెలుతురు ఆగదు" అనేది. ఇక్కడి గాలి చెమ్మకి కెమెరా అద్దాలకి బూజు పడుతుంది. కెమెరా పెట్టెలో చెమ్మ పీల్చడానికి నేను బియ్యం వేయించి, చల్లార్చి, గుడ్డలో మూట కట్టి ఇచ్చేదాన్ని. వారం వారం మార్చాలి. దాని పనిలో నాకు చేతనైన సాయం ఇదొక్కటే. "మా అమ్మ నా టెక్నికల్ అసిస్టెంట్" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది.

ఇప్పుడు ఆ ఫోటో సంగతి. రంగత్‌లో ఉన్న మా చెల్లెలింటికి నేను పనసపండు పట్టుకుని బయలుదేరాను. ఫీనిక్స్ బే జెట్టీలో ఓడ టిక్కెట్ల క్యూ. రెండు గంటలు నిలబడి, కూర్చుని, జరిగి, కిటికీ దగ్గర నా వంతు వచ్చేసరికి టిక్కెట్లిచ్చే అతను తలుపు మూసి టీకి వెళ్ళిపోయాడు. అప్పుడే వాన. నా దగ్గరున్నది ఒక్క గొడుగు. అలవాటుగా దాన్ని పనసపండు మీద పట్టి, నేను తడుస్తూ కూర్చున్నాను. వెనకాల ఎవరో "అరే దీదీ, తల మీద పెట్టుకోండి" అన్నారు. అప్పటికి గానీ నేను చేస్తున్నది నాకు తెలియలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పడీ పడీ నవ్వాను. నన్ను ఓడ ఎక్కించడానికి వచ్చిన మా అమ్మాయి ఆ నిమిషంలో నొక్కింది.

ఆ ఫోటోని అది మద్రాసులో మందపాటి దూది కాగితం మీద అచ్చు వేయించింది. చుట్ట చుట్టిన గొట్టంలో వచ్చింది. తెల్ల గుడ్డ తొడుగులు చేతులకి వేసుకుని విప్పింది, పెళ్ళికొడుకు తలంబ్రాలు దోసిట పట్టినంత జాగ్రత్తగా. కింద అంచులో పెన్సిల్‌తో సంతకం పెట్టి, పక్కన ఒకటి గీత పదిహేను అని వేసింది.

"ఇదేటే, పరీక్షలో మార్కులా? పదిహేనుకి ఒకటా వచ్చింది నాకు?"

"మార్కులు కాదమ్మా. లిమిటెడ్ ఎడిషన్. ఈ ఫోటో పదిహేనే వేస్తాను. ఇది మొదటిది. పదిహేనూ అయిపోతే ఖతమ్. ఎవులొచ్చి అడిగినా లేదు."

"బాగున్నదాన్ని ఆపుతారేటి? ఇడ్లీ బాగుందని పదిహేనుకే పొయ్యి కట్టేస్తామా?"

"ఇడ్లీ తినీసి ఊరుకుంటారు. ఇది గోడ మీద ఉంటాది. కొన్నోళ్ళకి నేను మాటిచ్చాను. ఇలాంటివి ప్రపంచంలో పదిహేనే అని కాగితం మీద రాసిచ్చాను. పదిహేనంటే పదిహేనే."

"మరి నీళ్ళొచ్చీస్తే?"

నా బుర్రలో ఏముందో దానికి తెలుసు. కానీ మాటిచ్చేసింది.

నాకు ఎక్కలేదు. ఎవరో బెంగళూరు వాళ్ళ హాల్లో నా మొహం ఉంది, ఇంకెవరో డాక్టరుగారింట్లో ఉంది, మా వీధిలో ఎవరింట్లోనూ లేదు. ఇదేమి న్యాయం? శ్రావణమాసం వచ్చింది, వరలక్ష్మీ వ్రతం చేసుకున్నాను. అమ్మాయి అప్పుడు డిగ్లీపూర్‌లో ఉంది. దాని బల్ల మీది పెన్‌డ్రైవ్ తీసుకుని స్టూడియోకి వెళ్ళి, "బాబూ, ఇందులో నా పనసపండు ఫోటో ఉంటాది, ఓ పన్నెండు తీసీ" అన్నాను. తళతళలాడుతూ పన్నెండు వచ్చాయి. ఒక్కోదాని మూలన కుంకుమ బొట్టు పెట్టి, శనగలు, తమలపాకులు, రవికల గుడ్డ, పైన నా ఫోటో, పేరంటాళ్ళందరికీ తాంబూలంతో ఇచ్చేశాను. పన్నెండిళ్ళు! నా మనసు ఎంత నిండిందో చెప్పలేను.

మా ఆయన ఒక్క మాటే అన్నారు. "ఎలక్షన్లకి నిలబడతన్నావేటి?"

అమ్మాయి తిరిగొచ్చి, సంచీ దింపకుండానే రాంచీ వాళ్ళ గుమ్మం మీద తగిలించి ఉన్న నన్ను చూసింది. లోపలికొచ్చి మంచినీళ్ళు తాగి అడిగింది.

"అమ్మా. ఎన్ని?"

"పన్నెండే."

"పన్నెండే!" అని మంచం మీద కూలబడింది. కేకలేస్తుందేమో అనుకున్నాను. వెయ్యలేదు. వేళ్ళ మీద లెక్కపెట్టి అంది, "ఎనిమిది మంది కొన్నారమ్మా. ఎనిమిది మందికి అబద్ధం చెప్పినట్టయింది నేను."

అప్పుడు భయం వేసింది నాకు. దాని గొంతు అలా నేనెప్పుడూ వినలేదు. ఫోటోలు ఎక్కువైతే దాని మాట తక్కువైపోతుందని అప్పటిదాకా నాకు తట్టనే లేదు.

మర్నాడు అది కెమెరా మెడలో వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని, ఇల్లిల్లూ తిరిగింది. ఒకటే మాట. "ఆంటీ, మా అమ్మ ఫోటో ఇచ్చీండి, మీ ఇంటిల్లిపాదికీ మంచి ఫోటో తీసిస్తాను. అది ఎన్ని కావాలంటే అన్ని వేసుకోండి." తమిళం వాళ్ళు తాతగారిని కుర్చీతో సహా బయటికి తెచ్చారు. రాంచీ వాళ్ళు మేకపిల్లని కూడా నిలబెట్టారు. ఒకావిడ చీర మార్చుకోవడానికి ముప్పావు గంట. పదకొండిళ్ళలో పదకొండు కుటుంబాలు తీసింది, నా మొహాలు పదకొండు వెనక్కి తెచ్చింది.

పన్నెండోది బెంగాలీ దీదీ దగ్గర. ఆవిడ అప్పటికే అద్దం కట్టించి, మేకు కొట్టి తగిలించేసింది.

"నహీ దూంగీ" అంది. ఇవ్వనంటే ఇవ్వను.

"దీదీ, మీ ఇంట్లో అందర్నీ తీస్తాను" అంది మా అమ్మాయి.

"ఇంట్లో ఎవరున్నారు బేటీ? నేనొక్కదాన్నే కదా. నా మొహం నేను అద్దంలో చూసుకుంటాను. నవ్వే మొహం ఇంకొకటి కావాలి నాకు. భాభీ తన చేత్తో ఇచ్చింది, పూజ చేసి ఇచ్చింది. దేవుడి ప్రసాదం వాపసు అడుగుతారా?"

మా అమ్మాయి నా వైపు చూసింది. నేను నేల చూపులు చూశాను. "అసలుది ఇస్తాను దీదీ, మంచి కాగితం మీద" అంది. ఆవిడ ఒప్పుకోలేదు. ఆ కుంకుమ బొట్టున్నదే కావాలట.

ఇంటికొచ్చి పదకొండూ నా చేతికిచ్చింది. "చింపు" అంది. నా మొహం నేనే పదకొండుసార్లు చింపుకుని, స్నానాల నీళ్ళ పొయ్యిలో వేశాను. మా ఆయన స్నానం చేసి వచ్చి, "ఇయాళ నీళ్ళు చుర్రుమన్నాయి, నీ మొహంతో కాగినాయి కదా" అన్నారు. మా అమ్మాయి అప్పటికి నవ్వింది.

తర్వాత అది చేసిన పని మాత్రం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. దాచిపెట్టెయ్యొచ్చు. బెంగళూరు వాళ్ళకి డిగ్నాబాద్‌లో ఏం జరిగిందో ఎవరు చెప్తారు? అది ఎనిమిది మందికీ రాసింది. మా అమ్మ పేరంటంలో పన్నెండు పంచింది, పదకొండు వెనక్కి తెచ్చాను, ఒకటి ఎదురింటి దీదీ ఇవ్వనంది, దాన్ని పదిహేనోదిగా లెక్క వేస్తున్నాను, అమ్మేవి మొత్తం పధ్నాలుగే, మీకు ఇష్టం లేకపోతే ఫోటో తిప్పి పంపండి, అని. ఒకాయన తిప్పి పంపేశారు. ఆయన తప్పు లేదు. ఆ గొట్టం వచ్చిన రోజు అది అన్నం సరిగా తినలేదు. మిగతావాళ్ళు ఫర్వాలేదన్నారు. బెంగళూరు ఆవిడైతే, "మీ అమ్మగారికి నమస్కారాలు. రోజూ మా హాల్లో నవ్వుతున్నారు. మాకు కూడా శనగలు పంపగలరా?" అని రాసింది.

తిరిగొచ్చిన ఆ నాలుగో నంబరుది నా చేతికిచ్చింది. "ఇది నీదమ్మా. దొంగది కాదు, సిసలైంది. ఇంక ఎవులికీ పంచకు." మా ముందు గదిలో ఉన్నది అదే.

ఒక సాయంత్రం దీదీ ఫోటోకి నంబరు వెయ్యడానికి పెన్సిల్ పట్టుకుని వెళ్ళింది, నేనూ వెళ్ళాను. మేకు మీది నుంచి పటం దింపి, నేల మీద కూర్చుని, వెనక అట్ట ఊడదీసింది. ముందు వైపు నున్నటి కాగితం, పెన్సిల్ పట్టలేదు. అందుకని వెనక రాసింది. అది వంచిన తల చూస్తుంటే నాకు ముచ్చటేసింది. ఎప్పుడూ అందరినీ తీసే పిల్ల, దాన్నెవరూ తియ్యరు కదా అని, నా ఫోన్ తీసి నొక్కబోయాను. అది తలెత్తి చూసి గట్టిగా అరిచింది.

"అమ్మా, వేలు! వేలు తియ్!"

అప్పటికే నొక్కేశాను.

అది పోయిన నెలకి గరాచర్మలో ఉండే మన తెలుగాయన ఒకరు వచ్చారు. కొత్తగా హోటలు కడుతున్నారు. మంచి మనిషే, కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. వెళ్ళేముందు అడిగారు. "పిన్నిగారూ, ఆ పనసపండు ఫోటో మా గది గదికీ పెడతాను. అమ్మాయి పేరు కింద రాయిస్తాను. ఎక్కడెక్కడి నుంచో వచ్చినోళ్ళు చూస్తారు."

"పదిహేనే అంది కదా బాబూ, మా పిల్ల."

"ఇప్పుడెవరు లెక్కపెడతారు పిన్నిగారూ?"

మా ఆయన ఆయన్ని వీధి దాకా సాగనంపి వచ్చి, "పోనీలే, పిల్ల పేరుంటాది" అన్నారు. నాకూ అదే ఆశ. నిజం రాస్తున్నాను, రెండు రోజులు నా మనసు నా మాట వినలేదు. ఎన్ని గదులుంటే అన్ని కాపీలు. అన్నిచోట్ల నా బిడ్డ చేసిన పని. ఏ నీళ్ళొచ్చి పట్టుకుపోతాయి? ఆ బురదలో నేను నేర్చుకున్నది అదే కదా. పెన్‌డ్రైవ్ కూడా చేతిలోకి తీసుకున్నాను.

మూడో రోజు ఎదురింటికి వెళ్ళాను. పటం ఒకసారి ఇయ్యి దీదీ అంటే దింపి ఇచ్చింది. వెనక అట్ట ఊడదీశాను. దాని చేతిరాత. పదిహేను గీత పదిహేను. దాని కింద హిందీలో ఏదో ఉంది.

"ఏముంది దీదీ?"

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చదివింది. "ఖతమ్. అమ్మ చేత్తో ఇచ్చింది."

ఆ పేరంటం మాటే అయ్యుండొచ్చు. కానీ ఆ రోజు ఆ నేల మీద కూర్చుని వింటే నాకు ఇంకోలా అర్థమైంది. నేను తప్పు చేసినా, అది తన లెక్కలో నాకు చోటిచ్చింది. ఆ లెక్క నేనెలా చెరుపుతాను? నా పిల్ల నిలబడింది ఫోటోల్లో కాదు, ఎనిమిది మందికి భయపడకుండా రాసిన ఆ మాటలో.

హోటలాయనకి ఫోన్ చేయించి లేదని చెప్పాను. "ఎవరు లెక్కపెడతారన్నావు కదా బాబూ, నేను పెడతాను" అన్నాను. ఆయన నవ్వి, "సరే పిన్నిగారూ, మీ అమ్మాయి నోరే మీది" అన్నారు. ఎంత బాగుందో ఆ మాట.

అయితే నేను బురదలో నేర్చుకున్నది కూడా ఊరికే పోనివ్వలేదు. అది తీసిన ఫోటోకి లెక్కుంది. నేను తీసిన ఫోటోకి లేదు. నా ఫోన్ పట్టుకుని మళ్ళీ ఆ వీధి చివర స్టూడియోకే వెళ్ళాను. ఆ అబ్బాయి చూసి, "ఆంటీ, వంకరగా ఉంది, సరిచేస్తాను. ఈ మూల వేలు కూడా తీసేస్తాను" అన్నాడు.

"వేలు తీశావంటే ఊరుకోను" అన్నాను.

"ఎన్ని వెయ్యమంటారు?"

"నువ్వు వేస్తూ ఉండు. చాలన్నప్పుడు చెప్తాను."

శ్రీకాకుళానికి ఓడ మీద వెళ్ళాయి. రంగత్ వెళ్ళాయి. బెంగళూరు ఆవిడకి శనగలతో కలిపి పంపాను. ఆ పదకొండిళ్ళలోనూ ఇచ్చాను. కుర్చీలో తాతగారి పక్కన ఒకటి, మేకపిల్ల పక్కన ఒకటి ఉన్నాయి. దీదీ నా పటం పక్కనే ఇంకో మేకు కొట్టింది. ఆవిడ గుమ్మంలో నిలబడితే రెండూ కనిపిస్తాయి. ఒక దాంట్లో నేను పనసపండుకి గొడుగు పట్టి నవ్వుతుంటాను. పక్కదాంట్లో మా అమ్మాయి, ఒళ్ళో పటం, చేతిలో పెన్సిల్, వంకరగా, మూలన నా బొటనవేలు ఎర్రగా ఉబ్బి, నోరంతా తెరిచి నా మీద అరుస్తూ ఉంటుంది.